కలివి కోడి కోసం రెండు చలికాలాలు: కనిపించని పక్షి గురించి ఏం రాయాలి?

ముందు రోజు సాయంత్రం జల్లెడ పట్టి పరిచిన మట్టి మీద మూడు వేళ్ల ముద్ర పడింది. మూడు వేళ్లూ ముందుకే ఉన్నాయి, వెనక వేలి గుర్తు ఎక్కడా లేదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తుంటే నా చేతులు వణికాయి. కడప జిల్లా లంకమల కొండల కింద పొదల్లో మూడు వారాలుగా రోజూ తెల్లవారుజామున ఇదే పని చేస్తున్నాం. అలాంటి ముద్ర కనిపించడం అదే మొదటిసారి.

మా వెంట వచ్చే పెద్దాయన నా పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి ఆ ముద్రలు పోయిన వైపు పది అడుగులు నడిచాడు.

"నాయనా, ఇది చిటవ."

"ఎట్లా చెప్తాండావు చిన్నాయనా? వెనక వేలు లేదు గదా?"

"చిటవకు కూడా ఉండదు. ఇదో, ఇట్ల చూడు. పొద పక్కన ఆగలా, నేరుగా బయలుకు పోయినాది. నువ్వు చెప్పే కోడి బయలులో ఎందుకు నడుస్తాది? పొద చాటునే గదా అది తిరిగేది."

ముఖానికి పసుపు తోలు వేలాడే తీతువును ఆ ప్రాంతంలో చిటవ అంటారు. క్యాంపుకు వచ్చి ఫోటోలో వేళ్ల పొడవు, వేళ్ల మధ్య ఎడం కొలిచి చూశాను. ఆయన చెప్పిందే నిజం. నోట్‌బుక్కులో ఆ రోజు గడిలో 'లేదు' అని రాయబోయి ఆగాను. కనిపించలేదు అని రాయాలా, లేదు అని రాయాలా? ఈ రెండూ ఒకటి కాదు. నా పనంతా ఆ తేడా చుట్టూనే తిరిగింది కాబట్టి ఈ కేసును మొదటి నుంచి చెప్తాను.

ఏ పక్షి, ఎందుకింత వెతుకులాట

కలివి కోడి అంటే కోడి కాదు. కౌజు కన్నా కొంచెం తక్కువ ఒళ్లు, పొడవైన లేత పసుపు కాళ్లు, పెద్ద కళ్లు. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు అడ్డంగా ఉంటాయి. కంటి పైన వెడల్పాటి తెల్ల గీత, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ. ముక్కు నుంచి తోక దాకా 27 సెంటీమీటర్లు. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో జర్డన్స్ కోర్సర్ అంటారు. దీని దగ్గరి బంధువులన్నీ ఆఫ్రికాలో ఉన్నాయి. ఆ ప్రజాతి (జీనస్) పక్షుల్లో ఆసియాలో ఉన్నది ఇదొక్కటే. అదీ దాదాపు మన తెలుగు నేలకే పరిమితం.

1848 ప్రాంతంలో థామస్ జర్డన్ అనే సర్జన్ దీన్ని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడా కొన్ని సార్లు చూసినట్టు రికార్డులున్నాయి. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి చూశారు. అంతే, ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. వెతికినవాళ్లు లేక కాదు. సాలిం అలీ లాంటి పేరున్న పక్షి శాస్త్రవేత్తలు వెతికినా దొరకలేదు. పుస్తకాలు దీన్ని అంతరించిన పక్షిగా లెక్కేశాయి.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పనిచేస్తున్న భరత్ భూషణ్‌కు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఈ పక్షి మళ్లీ దొరికింది. ఆయన చేసిన పని ఊళ్ల వెంట తిరిగి, బొమ్మ చూపించి, పిట్టలు పట్టేవాళ్లను అడగడం. ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నాడు. 86 ఏళ్లు పుస్తకాలకు దొరకనిది ఊళ్లో ఒకరికి తెలుసు! ఎక్కడ వెతకాలో ఆయనకు తెలియడం ఒక్కటే కాదు, ఎప్పుడు వెతకాలో కూడా తెలుసు. ఇది రాత్రి పక్షి. అంత పెద్ద కళ్లు ఉన్నది అందుకే. పగలు పొద కింద కదలకుండా కూర్చుంటే పక్క నుంచి నడిచిపోయినా మనకు తెలియదు.

ఆ దొరకడం వల్లే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. తర్వాత రెండు దశాబ్దాల పాటు చిన్న చిన్న ఆధారాలు వస్తూనే ఉన్నాయి. 2000 తర్వాత మొదటి దశాబ్దం దాటాక నమ్మకమైన రికార్డులు ఆగిపోయాయి. మేము పని మొదలుపెట్టేసరికి ఏళ్ల తరబడి నిశ్శబ్దం నడుస్తోంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, నా పనికి నేరుగా సంబంధం లేకపోయినా నేను చాలాసార్లు తలుచుకునే విషయం. ఈ పక్షి గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల సేకరణ చూస్తుంటే ఒకటి బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్య అధికారి దాన్ని సేకరించాడు. లోపలి పొర నుంచి డీఎన్ఏ తీసి, మ్యూజియంలో ఉన్న పక్షి చర్మంతో పోల్చి ఖాయం చేశారు. దాదాపు వందేళ్లు ఒక పెట్టెలో ఉన్న గుడ్డు అది. లేదు అనుకున్న ఆధారం ఎక్కడో ఒక డ్రాయరులో ఉండొచ్చు అనే ఆశతోనే నేను ఏ రికార్డింగునూ డిలీట్ చేయలేదు. ఆ అలవాటు ఎందుకు పనికొచ్చిందో చివర్లో చెప్తాను.

మట్టి పట్టీలు

పక్షిని చూడలేనప్పుడు దాని అడుగును చూడాలి. పంచాపకేశన్ జగన్నాథన్, రీస్ గ్రీన్ అనే పరిశోధకులు, వాళ్ల సహచరులు 2000 తర్వాత లంకమలలో ఈ పద్ధతిని తయారు చేశారు. పొదల మధ్య సందులో మెత్తటి మట్టి పరిచి, రాత్రి ఎవరు దాటారో పొద్దున చూడటం. దానితో పాటు ఆటోమేటిక్ కెమెరాలు కూడా పెట్టారు. ఒక మనిషి కళ్లు కాపలా కాయలేని చోట మట్టి కాపలా కాస్తుంది. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

మేమూ అదే చేశాం. ఒక్కో మట్టి పట్టీ ఐదు మీటర్ల పొడవు, జానెడు వెడల్పు. చెప్పడానికి సులువే గానీ ఆ నేలలో పని కష్టం. ముందు రాళ్లు ఏరాలి. తర్వాత పై మట్టి గీకి తీసి, వంకలో నుంచి తెచ్చిన మట్టిని ఇంట్లో పిండి జల్లించే జల్లెడతో జల్లించి పరచాలి. ఎక్కువ మందం పోస్తే ముద్ర అంచులు కూలిపోతాయి. తక్కువ పోస్తే అసలు పడదు. గోరు మందం సరిపోతుందని పెద్దాయన చెప్పాడు, అదే పాటించాం. పరిచాక చెక్క ముక్కతో చదును చేసి, నా సొంత వేలితో ఒక మూల నొక్కి చూస్తాను. నా వేలి గీతలు ఆ మట్టిలో కనిపిస్తే పట్టీ సిద్ధం.

పొద్దున చూసే సమయం కూడా ముఖ్యం. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ప్రతి ముద్రకూ నీడ పడుతుంది. తొమ్మిది దాటితే అదే ముద్ర కళ్ల ముందే మాయమవుతుంది. పైగా అప్పటికి మేకలు వస్తాయి. మొదటి వారంలో మూడు పట్టీలు మేకల గిట్టల కింద పిండైపోయాయి. తర్వాత మేకలు కాసేవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడాం. వాళ్లు దారి కొంచెం మార్చుకున్నారు, ఏమీ అడగకుండానే.

ఆ మట్టి చదవడం నేర్చుకున్నాక రాత్రి అడవి కథంతా అందులో ఉంటుంది. ఉడుము తోక ఈడ్చిన గీత, దానికి అటూ ఇటూ గోళ్ల గుర్తులు. ముళ్లపంది నడిస్తే వెనక ముళ్లు మట్టిని సన్నగా గీరుతూ పోతాయి. కుందేలు గెంతు, నక్క నడక, పేడపురుగు దొర్లించిన ఉండ దారి. కౌజు ముద్రలో వెనక వేలు స్పష్టంగా ఉంటుంది, కాబట్టి దాన్ని వెంటనే పక్కన పెట్టొచ్చు. చిక్కంతా వెనక వేలు లేని పక్షులతోనే. చిటవ, రాత్రిపూట తిరిగే స్టోన్ కర్లూ, మామూలు కోర్సర్, ఇవన్నీ మూడు వేళ్లవే. అక్కడ కొలత ఒక్కటే దిక్కు. ఒక ముద్ర చాలదు, వరసగా కనీసం మూడు, నాలుగు కావాలి. అడుగుకూ అడుగుకూ మధ్య దూరం కూడా కావాలి.

మొదట్లో చెప్పిన ఆ ముద్ర నాకు నేర్పింది ఇదే. నేను వేళ్లు లెక్కపెట్టాను. పెద్దాయన నడక చూశాడు. ఆ తర్వాత మా ఫారంలో ఒక గడి చేర్చాను: 'ముద్రలు ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయి?'

నలభై ఐదు నిమిషాలు

రెండో పద్ధతి వినడం. ఈ పక్షి పిలుపును మొదటిసారి రికార్డు చేసింది 2001లో. 'ట్విక్-టూ, ట్విక్-టూ' అని రెండు ముక్కలుగా, సెకనుకు ఒకటి చొప్పున, రెండు నుంచి పదహారు సార్ల దాకా పిలుస్తుంది. పొద్దు గుంకిన 45, 50 నిమిషాలకు మొదలవుతుంది. ఒకటి పిలిస్తే చుట్టుపక్కల ఉన్నవీ అందుకుంటాయి. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు. తర్వాత మళ్లీ మౌనం.

ఈ వాక్యాలు నేను పని మొదలుపెట్టే ముందే చదివాను. చదివి కూడా మొదటి చలికాలంలో తప్పు చేశాను. అది దాచకుండా రాయాలి.

డిసెంబరులో కడప వైపు పొద్దు గుంకేది 5:40 ప్రాంతంలో. అంటే పిలుపు మొదలవ్వాల్సింది సుమారు 6:25కి. 6:50 కల్లా అయిపోవచ్చు. మేము సాయంత్రం పట్టీలు చదును చేసి, క్యాంపుకు వచ్చి, టార్చీలు, రికార్డరు సర్దుకుని, వినాల్సిన పాయింటుకు నడిచి చేరేసరికి చాలా రోజులు ఏడు దాటేది. రాత్రి పక్షి కదా, రాత్రంతా పిలుస్తుందనే ఊహ ఏదో లోపల ఉండిపోయింది. గంటన్నర కూర్చుని, చలిలో వణికి, ఫారంలో 'పిలుపు లేదు' అని రాసి వచ్చేవాళ్లం. ఒక రోజు క్యాంపులో పాత ఫారాలు తిరగేస్తూ, మొదలుపెట్టిన సమయం, సూర్యాస్తమయం పక్కపక్కన రాసి చూశాను. కడుపులో తిప్పినట్టయింది. ఆ చలికాలం మేము విన్న రాత్రుల్లో సగానికి పైగా పిలుపు సమయం అయిపోయాక విన్నవే. దుకాణం మూసేశాక వెళ్లి సరుకు లేదని రాసుకున్నాం.

ఆ రాత్రులన్నీ లెక్క నుంచి తీసేశాను. బాధ కలిగింది, టీంలో ఒక కుర్రాడికి ఏడుపు వచ్చినంత పనైంది. కానీ ఉంచితే అబద్ధమయ్యేది. ఆ ఫారాలు చూసి రేపు ఎవరో ఇన్ని రాత్రులు విన్నా పక్షి లేదు కాబట్టి ఆ చోటు వదిలేయొచ్చు అని నిర్ణయం తీసుకుంటే? అడవి పనిలో తప్పుడు 'ఉంది' కన్నా తప్పుడు 'లేదు' ఎక్కువ నష్టం చేస్తుంది. తప్పుడు 'ఉంది'ని ఇంకొకరు వెళ్లి సరిచూస్తారు. 'లేదు' అన్న చోటికి మళ్లీ ఎవరూ వెళ్లరు.

రెండో చలికాలం క్రమం మార్చాం. పొద్దు గుంకకముందే పాయింటు దగ్గర కూర్చోవడం, గుంకిన అరగంట నుంచి గంటంపావు దాకా మాట లేకుండా వినడం, ఆ తర్వాతే కదలడం. నాలుగు చోట్ల చిన్న ఆటోమేటిక్ రికార్డర్లు చెట్లకు కట్టి, సాయంత్రం గంటన్నర, తెల్లవారుజామున గంట నడిచేలా పెట్టాం. పక్షి పిలుపును స్పీకర్లో వినిపించి జవాబు రాబట్టే పద్ధతిని మాత్రం చాలా తక్కువ వాడాం. ఇంత తక్కువ సంఖ్యలో ఉన్న పక్షిని పదే పదే మోసం చేసి కంగారు పెట్టే హక్కు మనకు లేదని నా నమ్మకం. ఒక పాయింటు దగ్గర ఒక సీజన్‌లో రెండు సార్లు, అంతకు మించి కాదు.

రికార్డింగులు కంప్యూటర్లో చూసే పని ఇంకో లోకం. శబ్దాన్ని గీతల బొమ్మగా మార్చి, రెండు ముక్కల పిలుపు లాంటి ఆకారాలను సాఫ్ట్‌వేర్ ఏరిపెడుతుంది. ఒక రికార్డరు నుంచి వరసగా వందల కొద్దీ గుర్తులు వచ్చాయి, సెకనుకు ఒకటి చొప్పున, ఎంత చక్కగా అంటే గుండె ఆగినంత పనైంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. దూరంగా నిమ్మతోటలో మోటారు బెల్టు కిర్రుమంటోంది. మిగతా వాటిలో చిటవలు, నైట్‌జార్‌లు అనే రాత్రి పక్షులు, ఒక రాత్రి చాలాసేపు కీచుమన్న ఏదో పురుగు.

రెండు చలికాలాల చివర మా ఫలితం: నమ్మదగ్గ ముద్ర ఒక్కటీ లేదు. నమ్మదగ్గ పిలుపు ఒక్కటీ లేదు.

సున్నా అంటే ఎంత?

ఈ భాగం కొంచెం లెక్క. కానీ ఫీల్డులో పనిచేసే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే కాబట్టి వదలను.

ఒక చోట పక్షి నిజంగా ఉందనుకుందాం. ఒక సరైన రాత్రి కూర్చుంటే అది మనకు వినిపించే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. ఇది ఊహ మాత్రమే, కొలిచిన సంఖ్య కాదు. మొదటి రాత్రి వినపడకపోయే అవకాశం నూటికి 80. రెండు రాత్రులూ వినపడకపోయే అవకాశం 64. అలా పది రాత్రులు మౌనంగా గడిచినా, పక్షి అక్కడే ఉండి మనకు తెలియకుండా పోయే అవకాశం ఇంకా నూటికి దాదాపు 11. పద్నాలుగు రాత్రులు కూర్చుంటే గానీ అది 5 కిందికి దిగదు. వినిపించే అవకాశం ఇరవయ్యింట ఒకటే అయితే? పది రాత్రుల మౌనం తర్వాత కూడా పక్షి అక్కడే ఉండి మనం తప్పిపోయే అవకాశం నూటికి 60. అప్పుడు పది రాత్రులు విన్నామని చెప్పడానికి పెద్ద అర్థమే లేదు.

అందుకే మా రిపోర్టులో 'లేదు' అనే మాట ఎక్కడా వాడలేదు. ఏ చోట, ఎన్ని సరైన రాత్రులు, గాలి ఎంత, వెన్నెల ఎంత, మనుషుల చప్పుడు ఎంత, ఇవన్నీ పట్టికగా ఇచ్చి, 'ఇంత శ్రమ తర్వాత నమోదు కాలేదు' అని రాశాం. చదివినవాళ్లలో ఒకరిద్దరు ఇది తప్పించుకునే భాష అన్నారు. నా ఉద్దేశంలో ఆ పక్షి గురించి అప్పటికి నిజాయితీగా చెప్పగలిగింది అంతే.

తాడుతో పొదల లెక్క

పక్షి దొరకకపోయినా దాని ఇల్లు ఎలా ఉందో కొలవొచ్చు కదా. నాకు ఈ కేసులో అన్నిటికన్నా విలువైనది ఇక్కడే దొరికింది.

లంకమల పైభాగం ఆకురాల్చే అడవి, ఎర్రచందనం ఉన్న అడవి. కలివి కోడిది ఆ కొండ కాదు, కింద ఉన్న ముళ్ల పొదల నేల. రేగు, కలివి, తుమ్మ, పరికి. రాళ్లు మరీ ఎక్కువ లేని, మెల్లగా ఎత్తుపల్లాలుగా పోయే నేల. జగన్నాథన్ బృందం తేల్చిన దాని ప్రకారం ఈ పక్షి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది ఎక్కడంటే, రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, అంతకన్నా పొట్టి పొదలు హెక్టారుకు వెయ్యిలోపు ఉన్న చోట. పెద్ద పొదలు దాక్కోవడానికి కావాలి. కింద చిన్న పొదలు గుబురుగా ఉంటే మాత్రం అది పరుగెత్తలేదు, చీమలూ చెదలూ వెతుక్కోలేదు.

హెక్టారు అంటే కళ్ల ముందు నిలవదు. అందుకని పది మీటర్ల తాడు తీసుకున్నాం. ఒకరు మధ్యలో కొయ్య పాతి ఒక కొస పట్టుకుంటారు, ఇంకొకరు రెండో కొస పట్టుకుని చుట్టూ తిరుగుతారు. ఆ గుండ్రటి చోటు 314 చదరపు మీటర్లు. పై సంఖ్యలను ఆ లెక్కకు దించితే, ఒక్కో గుండ్రంలో పెద్ద పొదలు 9 నుంచి 22 మధ్య ఉండాలి, చిన్నవి 31 దాటకూడదు. ఈ రెండు సంఖ్యలు అరచేతిలో రాసుకుని రోజంతా తిరగొచ్చు. పెద్దాయన రెండు రోజుల్లో తాడు లేకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది సరిపోతాది నాయనా," లేదా "ఇది మూసకపాయె."

మూసకపాయె అన్న చోట్లు నేను అనుకున్న దానికన్నా ఎక్కువగా కనిపించాయి. మేకలు బొత్తిగా రాని చోట చిన్న పొదలు అల్లుకుపోయి, మనిషే దూరలేనట్టు ఉంది. రెండేసి మందలు రోజూ తిరిగే చోట, కట్టెలకు నరికే చోట పెద్ద పొదలే మిగల్లేదు. పక్షికి కావలసిన నేల ఈ రెంటి మధ్య సన్నని పట్టీ. తరతరాలుగా మేకలు మేసి, మనుషులు కట్టెలు కొట్టి, అలా ఒక మోతాదులో వాడుతూ వచ్చిన నేల అది. అడవి అంటే మనిషి కాలు పెట్టనిది, కంచె వేస్తే బాగుపడేది అనే లెక్కతో వెళ్తే ఇక్కడ తప్పు చేస్తాం. మేపు పూర్తిగా ఆపేస్తే కొన్నేళ్లకు కలివి కోడి ఇల్లు మనమే మూసేసిన వాళ్లమవుతాం. విచ్చలవిడిగా వదిలేస్తే ఇల్లే ఉండదు. ఏ చోట ఎన్ని మేకలు, ఏ నెలలో, ఈ మాటలు కాపరులతో కూర్చుని తేల్చుకోవాల్సినవి. అటవీ శాఖ వాళ్లలో కొందరికి నా ఈ అభిప్రాయం నచ్చలేదని తెలుసు. తాడు చెప్పిన సంఖ్యలు మాత్రం వాళ్లకూ ఇచ్చాను.

మేకల కన్నా పెద్ద ప్రమాదం నేలను మొత్తంగా మార్చేయడం. ఈ పొదల నేల కాగితాల్లో చాలాచోట్ల బీడు. బీడు అంటే ఎవరికీ పనికిరానిది అని మన అందరి బుర్రలో ఉంది. నిమ్మతోటలు అభయారణ్యం అంచుల దాకా వచ్చాయి. రైతును తప్పు పట్టను, నీళ్లొచ్చిన చోట తోట వేయడం బతుకు. 2005లో తెలుగుగంగ కాలువ పనుల్లో యంత్రాలు ఈ పక్షి ఉండే పొదల్లో కొంత చదును చేశాయి. పరిశోధకులు చూసి చెప్పాక పనులు ఆగాయి, తర్వాత కాలువ దారి మళ్లించారు. అడవిలో రోజూ తిరిగే మనుషులు ఉండబట్టే అది బయటపడింది. కొలత పని ఆగిపోతే ఇలాంటివి చెప్పేవాళ్లు ఉండరు.

ఇంకో ఇబ్బంది ఎర్రచందనం. దాని దొంగతనాల వల్ల రాత్రిపూట ఈ కొండల చుట్టూ తిరగడానికి కట్టుబాట్లు ఎక్కువ, ఉండాలి కూడా. పక్షి పిలిచే సమయం, మనుషులు బయటికి వచ్చేయాల్సిన సమయం దాదాపు ఒకటే. రికార్డర్లు కట్టడానికి మమ్మల్ని పురిగొల్పిన కారణాల్లో ఇదీ ఒకటి. మనిషి వచ్చేసినా చెట్టుకు కట్టిన పెట్టె వింటూ ఉంటుంది.

2025 తర్వాత

మా రిపోర్టు ఇచ్చిన చాలాకాలానికి, 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లోనే కలివి కోడి పిలుపు విని రికార్డు చేశారు. ఆ వార్త ఫోన్‌లో చూసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. ముందు ఏమీ అర్థం కాలేదు. మళ్లీ చదివాను. పక్కన కూర్చున్న ఆవిడ "ఏం బాబూ, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది. కళ్లు తుడుచుకుంటున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఇక పనికి వస్తే, మూడు మార్పులు చేశాను. వాళ్ల రికార్డింగు మనకు మంచి నమూనా అవుతుంది కాబట్టి మా పాత ఆడియో అంతా మళ్లీ వినడం మొదలైంది. డిలీట్ చేయని ఆ హార్డ్ డిస్కులు ఇప్పుడు పనికొచ్చాయి. మొదటి చలికాలంలో మేము మానవ చెవితో ఆలస్యంగా విన్న చోట్ల కూడా ఒక రికార్డరు పొరపాటున ముందే మొదలైన రాత్రులు కొన్ని ఉన్నాయి. అవి ఇప్పుడు వరసగా వింటున్నాం, రోజుకు రెండు గంటలు, ఇద్దరు విడివిడిగా. ఒకరు విన్నది ఇంకొకరికి చెప్పకూడదు.

రెండోది, ఎంచుకున్న చోట్ల జాబితా మారింది. మొదట పాత రికార్డులు ఉన్న చోట్లకే వెళ్లాం. ఇప్పుడు తాడు లెక్కలో 'సరిపోతాది' అని తేలి, ఎవరూ ఎప్పుడూ వినని చోట్లు ముందు పెట్టాం. మూడోది, చోట్ల పేర్లు ఎక్కడా బయట పెట్టడం లేదు. ఫోటో కోసం జనం టార్చీలతో వస్తే, స్పీకర్లో పిలుపు వేస్తూ పొదల చుట్టూ తిరిగితే మిగిలిన ఆ కొద్ది పక్షులకు అదే చివరి దెబ్బ కావచ్చు.

రాబోయే చలికాలం కోసం మొన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మోకాళ్ల నొప్పి ఎక్కువైంది, ఎక్కువ దూరం నడవలేనన్నాడు. వాళ్ల మనవడు వస్తాడట, పదో తరగతి అయిపోయింది. మ్యాపు తీసి, తాడుతో కొలిచిన చోట్లు పెన్సిల్‌తో చుట్టి చూపించాను. ఆయన మ్యాపును తిప్పి పట్టుకుని, వంకలను బట్టి దిక్కు సరిచూసుకుని, నేను చుట్టని ఒక చోట గోటితో నొక్కాడు.

"ఈడ మా నాయన పిట్టలు పడతాండె. మబ్బులోనే పోతాండె. మీరు ఈడికి పోలా గదా?"

పోలేదు. మా పాయింట్లలో దగ్గరిది కూడా అక్కడికి రెండు కిలోమీటర్లు. నవంబరులో మొదటి రికార్డరు అక్కడే కడుతున్నాం, పొద్దు గుంకడానికి గంట ముందు నుంచి నడిచేలా.